కంప్యూటరు పెట్టెకు ఏ రేకు?

పిల్లలూ! బడిలోనో, బ్యాంకులోనో కంప్యూటరు పక్కన నిలబడి ఉండే లోహపు పెట్టెను మీరు చూసే ఉంటారు. పెట్టె లోపల ఏముందని అందరూ అడుగుతారు. పెట్టె దేనితో చేశారని మాత్రం ఎవరూ అడగరు. ఆ పెట్టెను మనమే చేసుకోవలసివస్తే ఏ లోహపు రేకు కొనాలి? ఎంత మందం ఉండాలి?

ఈ ప్రశ్న మా బడి పిల్లలకు నిజంగానే ఎదురయింది. పాత విద్యార్థి ఒకడు కంప్యూటరు విడిభాగాలు తెచ్చి ఇచ్చాడు. పెట్టె మాత్రం లేదు. బీరువాలు చేసే వర్క్‌షాపు యజమాని రేకు తెస్తే వంచి ఇస్తానన్నాడు. మా దగ్గరున్న డబ్బు ఒక్క రేకుకే సరిపోతుంది. పొరపాటు చేస్తే మళ్ళీ కొనలేం. అందుచేత ముందు కాగితం మీద లెక్క వేశాం. ఆ లెక్క మీరూ వేయండి.

లోపల బిగించవలసిన మదర్‌బోర్డు ఎ.టి.ఎక్స్. రకానిది. దాని కొలత 305 × 244 మిల్లీమీటర్లు. తక్కిన భాగాలనూ, గాలి తిరిగే చోటునూ కలుపుకొని 45 సెం.మీ. ఎత్తు, 40 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు గల పెట్టె చాలుననుకున్నాం. దాని ఆరు ముఖాల వైశాల్యం 7000 చదరపు సెంటీమీటర్లు. రేకు మందం 1 మి.మీ. అయితే లోహం ఘనపరిమాణం 700 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత 7.85. కాబట్టి పెట్టె బరువు సుమారు ఐదున్నర కిలోలు. అల్యూమినియం సాంద్రత 2.7. దానితో చేస్తే రెండు కిలోలు కూడా తూగదు!

"అయితే అల్యూమినియమే మేలు కదా!" అంటారా? ఆగండి. రేకు తేలికగా ఉంటే చాలదు, వంగకుండా నిలవాలి. ఒకే మందం గల రెండు రేకులను తీసుకుంటే ఉక్కు రేకు వంగడానికి అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ బలం కావాలి. పలుచని రేకుతో మరో చిక్కు కూడా ఉంది. ఫ్యాను తిరిగినప్పుడు దాని కంపనాలకు రేకు కూడా అదిరి, జుమ్మని మోగుతుంది.

ఇక్కడే ప్రకృతి మనకొక ఉపాయం చూపిస్తుంది. రేకు బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అల్యూమినియం రేకును 1 మి.మీ. బదులు 1.5 మి.మీ. తీసుకున్నామనుకోండి. 1.5 × 1.5 × 1.5 = 3.375. అంటే ఉక్కుకున్న మూడు రెట్ల ఆధిక్యం తీరిపోయింది. అయినా పెట్టె బరువు 2.8 కిలోలే, ఉక్కు పెట్టెలో సగం!

అల్యూమినియం వేడిని ఉక్కు కంటే సుమారు నాలుగు రెట్లు బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి కంప్యూటరు చల్లగా ఉంటుందని కొందరంటారు. ఇందులో నిజం కొద్దిగానే ఉంది. వేడెక్కే భాగాలు పెట్టె గోడలకు ఆనుకొని ఉండవు. వేడిని బయటికి మోసుకుపోయేది గాలి. కాబట్టి ఫ్యాను ఎక్కడ పెట్టాం, రంధ్రాలు ఎన్ని వేశాం అన్నదే ముఖ్యం.

వంచే పని సంగతేమిటి? మెత్తని ఉక్కు మడతకు బాగా లొంగుతుంది. అల్యూమినియంలో కొన్ని గట్టి మిశ్రమలోహాలు మూల దగ్గర పదునుగా వంచితే పగులుతాయి. వాటిని కొంత గుండ్రంగా వంచాలి. కొనేటప్పుడే "ఇది వంచడానికి పనికివచ్చే రకమేనా?" అని అడగాలి.

దుకాణంలో మందాన్ని గేజిలలో చెబుతారు. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుందని మరువకండి. ఎస్.డబ్ల్యు.జి. పట్టికలో 18 గేజి అంటే 1.22 మి.మీ., 20 గేజి అంటే 0.91 మి.మీ., 22 గేజి అంటే 0.71 మి.మీ. ఇలాంటి పట్టికలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. అందుకే మిల్లీమీటర్లలో అడగండి. వీలైతే బడిలోని స్క్రూగేజితో కొలిచి చూసుకోండి.

చివరికి మేము జింకు పూత పూసిన ఉక్కు రేకు, అంటే జి.ఐ. రేకు, 20 గేజిది కొన్నాం. మా పెట్టె ఒకచోటే ఉంటుంది కాబట్టి బరువు సమస్య కాదు, ధర తక్కువ. పూత మీద గీత పడినా జింకు తాను ముందు క్షయమై ఇనుమును కాపాడుతుంది. వెల్డింగు మాత్రం వద్దన్నాం. కాలిన జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. అందుకని రివెట్లతో బిగించాం. చేతులు తెగకుండా అంచులన్నీ ఆకురాయితో రుద్దాం.

ముచ్చటగా రంగు కూడా వేశాం. ఇక స్విచ్చి వేద్దామనగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "మాస్టారూ, ఎర్తు అందుతోందా?" అని అడిగింది. ప్లగ్గును గోడనుంచి పూర్తిగా తీసి, ఒక బ్యాటరీ, చిన్న బల్బు తెచ్చాం. వలయంలో ఒక కొనను ప్లగ్గులోని లావుపాటి ఎర్తు పిన్నుకు, రెండవ కొనను పెట్టె లోపలి రేకుకు ఆనించాం. బల్బు వెలగలేదు! పవర్ సప్లై బిగించిన చోట రంగు అడ్డుపడింది. రంగు విద్యుద్బంధకం కదా! ఉప్పుకాగితంతో అక్కడ రంగు గీకి మరలు బిగించగానే బల్బు వెలిగింది. లోపల తీగ ఏదైనా ఊడి పెట్టెకు తగిలితే ప్రాణం కాపాడేది ఆ గోరంత మెరిసే చోటే. ఇటువంటి పరీక్ష పెద్దల ఎదుటే చేయండి. అల్యూమినియం మీద వేసే ఆనోడీకరణ పూత కూడా విద్యుద్బంధకమేనని గుర్తుంచుకోండి.

మీరూ చేసి చూడండి: రెండు పుస్తకాల మధ్య వంతెనలా ఒక కాగితం పరచి దానిపై పెన్ను పెట్టండి. కుంగిపోతుంది. కాగితం రెండు పొడవు అంచులను సెంటీమీటరు మేర నిలువుగా మడిచి మళ్ళీ పెట్టండి. ఏమయింది? మా వర్క్‌షాపు మిత్రుడు రేకు అంచులన్నీ ఎందుకు మడిచాడో ఇప్పుడు తెలిసిందా?

ఒక లెక్క: రాగి సాంద్రత 8.96. మన పెట్టెను 1 మి.మీ. రాగి రేకుతో చేస్తే బరువెంత?