ఏనుగు మోకరిల్లిన వీథి

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు మిర్చి యార్డులో ఒక్క గడియ నిలిచినవారికి, చప్పుడనునది ఎంత దట్టముగా పేరుకొనగలదో తెలియగలదు. మిర్చి బస్తాలగు టిక్కీలు దింపెడు హమాలీల కేకలు, లారీల హారన్లు, కమీషన్ వ్యాపారుల బేరములు, ఘాటునకు తెరపిలేక వచ్చు దగ్గులు, వీని నడుమ ప్రతివాని చేతిలోను మ్రోగుచుండు సెల్‌ఫోను. అయినను రైతు గుండెలో రేగుచున్న అలజడి ముందర ఇదంతయు స్వల్పమే. క్వింటాలు ఇరువది వేలు దాటి పలికిన ధర కొలది కాలములోనే సగమునకు దిగజారగా, 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద 11,781 రూపాయల ధరను ప్రకటింపవలసి వచ్చినప్పుడు, కౌలు, పురుగుమందులు, కోతకూలి, కోల్డ్ స్టోరేజి అద్దె అను లెక్కలు రాత్రి మూడవ జామునగూడ ఆ మనస్సును విడిచిపెట్టియుండవు.

ఇట్టివానిని కొండకు పొమ్మనుట, కన్నులు మూసికొని కూర్చుండుమనుట సులభము. కల్లములో కాయ ఆరబోసి మబ్బువంక చూచుచున్నవాడు ఎక్కడికి పోగలడు? విశ్వాసమునుండి మనము కోరదగినది ఇంతకంటె కష్టమైనదియు, ఇంతకంటె సన్నిహితమైనదియునని నా దృఢమైన నమ్మకము. చప్పుడు చప్పుడుగానే యుండగా, దాని నడుమ మనస్సు నిలుచుటకొక చోటు చూపుట విశ్వాసపు పని. గుంటూరునకు ఇరువది మైళ్ల దూరమున, కృష్ణకు దక్షిణతీరమున నున్న అమరావతి దీనికి చిరకాలముగా సాక్ష్యము పలుకుచున్నది.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అమరావతి మహాచైత్యమునకు చెక్కిన పద్మఫలకమొకటి నేడు చెన్నపట్టణమున ఎగ్మూరు మ్యూజియములో నున్నది. బుద్ధునిపై పగబూనిన దేవదత్తుడు నలగిరియను ఏనుగునకు మద్యము త్రాగించి రాజగృహ నగరవీథిలోనికి వదలించిన వృత్తాంతమది. శిల్పి ఒక్క వలయములోనే రెండు క్షణములను నిలిపినాడు. ఒకవంక నగరద్వారము వెడలి వచ్చిన మదగజము మనుష్యులను పట్టి త్రొక్కుచుండగా జనులు ఒకరిపై నొకరు పడుచు పరుగెత్తుచున్నారు. ఒక స్త్రీ భయవిహ్వలయై ప్రక్కవారిని పెనవేసికొన్నది. మేడల గవాక్షములనుండి తలలు తొంగిచూచుచున్నవి. మరొకవంక ఆ గజమే తథాగతుని యెదుట మోకరిల్లినది. మదించిన మనస్సును ఏనుగుతో పోల్చుట మన వాఙ్మయమున పరిపాటియే గాని, నా చూపును పట్టి నిలుపునది ఆ ఏనుగుకంటె ఆ వీథి. శిల్పి దానిని నిర్మానుష్యము చేయలేదు. మేడలు, జనసమ్మర్దము, భయము అట్లే యుండగా ఆ యిరుకులోనే మైత్రి తన పని నెరవేర్చినది.

ఇదే గడ్డపై పదునారు వందల ఏండ్లకు మీదట మరియొక కలత చెందిన చిత్తము ఆశ్రయము వెదకికొన్నది. కుంఫిణీ దొరతనము వేళ్లూనుచున్న దినములలో జమీందారైన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, దోపిడుల నణచు నెపమున చెంచులను విందునకు పిలిపించి చంపించెననియు, నాటినుండి విస్తరి ముందు కూర్చుండినప్పుడెల్ల అన్నము పురుగులై కానవచ్చెడిదనియు జనశ్రుతి. ఆ కథలోని అద్భుతమును నమ్మనివారు సైతము అందలి వ్యథను కాదనజాలరు. ఆయన చింతపల్లిని విడిచి అమరావతిలోని అమరేశ్వరుని సన్నిధికి తన నివాసమును మార్చి, పంచారామములలో నొకటియైన ఆ యాలయమును పునరుద్ధరించి, మంగళగిరిలో పదునొకండంతస్తుల గాలిగోపురము నెత్తించి, 1816లో కన్నుమూయువరకు దేవతార్చనలకు ధనమును ధారపోసెను. ఆ శాంతి నిష్కళంకమైనదని నేననజాలను. ఏ గోపురమును చనిపోయిన చెంచులకు ప్రాణము పోయలేదు; కొత్త పట్టణపు కట్టడములకై జనులు దీపాలదిన్నెయను దిబ్బను త్రవ్వగా అందలి మహాచైత్యపు శిలలే చెల్లాచెదరైనవి, ఆ త్రవ్వకమును గూర్చి విని 1797లో కుంఫిణీ అధికారి కాలిన్ మెకంజీ అచ్చటికి వచ్చినాడు; ప్రభువు గతించిన పిమ్మట దత్తపుత్రుల వ్యాజ్యములలో జమీయే కరిగిపోయినది. అయినను పశ్చాత్తాపమును ఏకాంతమున కుమిలిపోవుటగా మిగుల్పక, ప్రతిదినము చేతులతో చేయవలసిన పనిగా మార్చుకొన్న ఆ తెలివి నాకు గౌరవనీయముగా తోచుచున్నది.

నేటికిని ఆ పని సాగుచునే యున్నది. అమరేశ్వర లింగము మిక్కిలి పొడవైనదగుటచే అర్చకులు పై యంతస్తునకెక్కి అభిషేకము చేయుదురు. అక్కడ నిశ్శబ్దమునకు తావు లేదు: ఘంటానాదము, నమకచమకముల ఘోష, కార్తిక సోమవారమైనచో త్రోపులాట, చంకలోని బిడ్డల యేడ్పు. ఈ సందడి నడుమనే అర్చకుడు సంకల్పము చెప్పించును. అది కల్పముతో మొదలిడి, మన్వంతరమునకు, యుగమునకు, సంవత్సరమునకు, మాసమునకు, తిథికి దిగివచ్చి, తుదకు గోత్రనామములకడ ఆగును. లెక్కింపనలవికాని కాలము ఒక్కొక్క మెట్టే దిగుచు ఈ దినమున, ఈ నదీతీరమున, ఈ పేరుగల మనుష్యుని వెదకికొని వచ్చుచున్నట్లుండును. ధర పడిపోయిన పంటయు, కట్టవలసిన వడ్డీయు మాయము కావు. కాని అవియే సమస్త ప్రపంచమన్న భ్రాంతి అప్పుడు సడలును. తన పేరు మరియొకరి నోట, ఒక పెద్ద లెక్కలో భాగముగా వినబడినవాడు తన బరువును ఒంటరిగా మోయనక్కరలేదు. మనస్సును ఖాళీ చేయుమను బోధకంటె దానిని సరియైన పరిమాణమునకు తెచ్చు ఈ విధానము గృహస్థులకు మేలైనదని నేను భావింతును.

నరసరావుపేట చేరువనున్న కోటప్పకొండపై త్రికోటేశ్వరుని దక్షిణామూర్తి స్వరూపముగా కొలుతురు. అచ్చట కల్యాణోత్సవము లేదు, ధ్వజస్తంభము లేదు. మౌనముతో ఉపదేశించు ఆ గురువునకు మహాశివరాత్రినాడు పల్లెపల్లెనుండి మిన్నుముట్టు ప్రభలు, విద్యుద్దీపములతోను, పాటలతోను, జనఘోషతోను తరలివచ్చును. దీనిని వైపరీత్యమని కొందరందురు. మైకుల పోటీ నాకును రుచింపదు. ఐనను ఏడాది పొడుగున ఎవరి చేనిలో వారు, ఎవరి అప్పులో వారు మునిగియున్న గ్రామస్థులు నెలల తరబడి చందాలెత్తి, వెదురు కట్టి, ఒక్కటై లాగుకొనివచ్చు ఆ ప్రభలో వారి దిగులులో కొంత భాగము తప్పక కలసిపోవును.

ఈ అమరావతి ప్రాంతముననే ఆంధ్రప్రదేశ్ రాజధానికై ముప్పదిమూడువేల ఎకరములకు పైగా నిచ్చిన రైతుల సంగతియు ఇచ్చట చెప్పవలయును. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వెలువడినంతనే, భూమి చేయి దాటి, భవిష్యత్తు చేతికందక వారి ఇండ్లలో నిదుర కరవయ్యెను. 2021 నవంబరు 1న వారు తుళ్లూరునుండి తిరుమలేశుని సన్నిధికి పాదయాత్రకు బయలుదేరి, ‘న్యాయస్థానం నుంచి దేవస్థానం’ అని దానికి పేరిడిరి. వానలలో, బొబ్బలెక్కిన పాదములతో ఆడువారు ముందు వరుసలలో నడచిరి. వారి వివాదమందలి న్యాయాన్యాయములను నేనిచ్చట విచారింపను. కాని పరిష్కారము తమ చేతిలో లేని వేళ, సాయంకాలమునకు ఏ యూరు చేరవలెనో, ఉదయమున ఎప్పుడు లేచి నడువవలెనో తెలిసియుండుట వారికి ఎంతటి ఆధారమో, డిసెంబరు నడుమ తిరుపతి చేరిన ఆ నెలన్నర నడకయే చెప్పుచున్నది.