తొక్కలోనే ఉంది అసలు మజా

మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో ఎండ తగ్గాక జ్యూస్ షాపుల ముందు కార్లు ఆగుతుంటాయి. దిగాల్సిన పని లేదు. హారన్ కొడితే షాపు కుర్రాడే వచ్చి ఆర్డర్ తీసుకుంటాడు. అవకాడో, మామిడి, దానిమ్మ ఎన్ని ఉన్నా గల్ఫ్ అంతటా తరచూ వినిపించే పేరు ఒకటుంది: లెమన్ మింట్. నిమ్మరసం, పుదీనా, పంచదార, ఐసు కలిపి మిక్సీలో తిప్పితే ఆకుపచ్చ నురగతో గ్లాసు నిండుతుంది.

ఒమాన్‌లో మద్యం దొరికేది లైసెన్సున్న చోట్లే. ముస్లిమేతరులు ఇంటికి కొనుక్కెళ్లాలంటే పర్మిట్ ఉండాలి. బయట అందరి ముందూ తాగడం నేరం. కాబట్టి శుక్ర, శనివారాల సెలవుల్లో తెలుగు కుటుంబాలు ఒకరింట్లో ఒకరు కలిసినప్పుడు పిల్లలకూ పెద్దలకూ ఒకేలా పనికొచ్చేది నిమ్మ పానీయమే. దాన్ని లోటుగా భావించనక్కర్లేదు. డైకిరీ, మొహీతో లాంటి పేరు మోసిన కాక్‌టెయిళ్లకు ప్రాణం పోసేదీ నిమ్మే. రమ్ము తీసేసినా ముక్కుకు తగిలే ఘాటు, నాలుకను జివ్వుమనిపించే పులుపు, అరచేతికి తగిలే చల్లదనం ఎక్కడికీ పోవు.

ఆ ఘాటు రసంలో కన్నా తొక్కలోనే ఎక్కువ. నిమ్మకాయను వెలుతురులో పట్టుకుని చూస్తే తొక్క మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక నూనె తిత్తి. పీలర్‌తో బొటనవేలంత వెడల్పు ముక్క తీసి, పచ్చటి వైపు గ్లాసుకేసి ఉండేలా మడిచి నొక్కితే తిత్తులు పగిలి తుంపర చిమ్ముతుంది. ఆ నూనెలో పెద్ద వాటా లిమొనీన్‌ది. నిమ్మ వాసనను వెంటనే పోల్చుకునేలా చేసేది సిట్రాల్. నూనె నీళ్లలో కలవదు, పైనే తేలుతుంది. అందుకే గ్లాసు ఎత్తగానే పెదవికన్నా ముందు ముక్కుకు రుచి తెలుస్తుంది. పిండేసిన తొక్కను పారేయకుండా ఒకసారి గ్లాసు అంచుకు రుద్దినా చాలు.

పచ్చటి పొర కిందున్న తెల్ల పొరతో మాత్రం జాగ్రత్త. అందులోనూ గింజల్లోనూ ఉండే పదార్థాలు పుల్లటి రసంలో కలిసాక మెల్లగా లిమొనిన్‌గా మారతాయి. లిమొనిన్ చేదు. మధ్యాహ్నం పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం రాత్రికి చేదెక్కడానికి ఇదో కారణం. గట్టిగా నలిపి ఆఖరి బొట్టు వరకూ పిండితే ఆ చేదు ఇంకా పెరుగుతుంది. కాయను బల్ల మీద అరచేత్తో దొర్లించి మెత్తబడ్డాక కోసి, గింజలు తీసి, తాగబోయే ముందు పిండుకోవడం మేలు.

పుదీనాదీ అంతే. దాని సువాసన నూనె ఆకు పైనున్న సన్నటి గ్రంథుల్లోనే ఉంటుంది. రెండు అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిస్తే వాసన గుప్పుమంటుంది. రోట్లో వేసి నూరితే పసరు దిగుతుంది, కాసేపటికి రంగు నల్లబడుతుంది.

ఇక కొలతలు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 5-6 శాతం. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే దీన్ని నిమ్మరసం నుంచి వేరుచేసింది 1784లో. ఇంత పులుపును సరిదిద్దాలంటే తీపి కూడా గట్టిగానే పడాలి. చల్లటి నీళ్లలో పంచదార త్వరగా కరగదు కాబట్టి పంచదార, నీళ్లు సమంగా వేసి కాచిన పాకం ముందే చల్లార్చి ఉంచుకోవాలి. 30 మిల్లీలీటర్ల రసానికి అంతే పాకం, గ్లాసు నిండా ఐసు, పైన సోడా. చిటికెడు ఉప్పు వేస్తే చేదు అణిగి తీపి పైకి తేలుతుంది. మన సోడా బండి మీద నిమ్మకాయ సోడాలో ఉప్పు వేసేది అందుకే. ఐసు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడికి 80 రెట్లు వేడిని పీల్చుకుంటే గానీ ఒక గ్రాము ఐసు కరగదు. ఐసు నిండుగా ఉంటే గ్లాసు త్వరగా చల్లబడుతుంది, రుచి త్వరగా పలచబడదు.

నిమ్మ ఒమాన్‌కు పరాయిది కాదు. బాతినా తీరంలో ఒకప్పుడు తోటలకు తోటలే ఉండేవి. 1970లలో ఒక తెగులు వచ్చిపడింది. కొమ్మల చివర చీపురులా చిన్న చిన్న ఆకులు గుబురుగా పుట్టుకొస్తాయి, కాపు ఆగిపోతుంది, కొన్నేళ్లకు చెట్టే చచ్చిపోతుంది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి మూలం. ఇది తర్వాత యూఏఈ, ఇరాన్‌లకూ పాకింది. 1986లో అల్ ఖౌద్‌లో మొదలైన సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ తెగులు మీద పనిచేశారు. గూడూరు, నకిరేకల్ నిమ్మ మార్కెట్లను చూసి పెరిగిన తెలుగువారికి ఆ రైతుల నష్టం ఎంతటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

అల్ ఖౌద్‌లో ఉన్నవారు ఇంట్లో చేసుకోదగ్గ మరో రకం లూమీతో. ఉప్పునీళ్లలో ఉడికించి, ఎండలో నల్లబడేదాకా ఆరబెట్టిన నిమ్మకాయలే లూమీ. గల్ఫ్ వంటల్లో మాంసం పులుసుకు ఇవి తప్పనిసరి. రెండు కాయలు పగలగొట్టి, గింజలు తీసేసి, పంచదార పాకంలో పది నిమిషాలు మరిగించి వడకట్టాలి. ఈ పాకం చెంచాడు కలిపితే తాజా నిమ్మ పులుపు వెనక పొగ వాసన లాంటి ఒక లోతైన రుచి వస్తుంది.

పగటి పూట నిమ్మకాయలు పిండేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. నిమ్మ తొక్క నూనెలో ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా తీవ్రమైన ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు లేవచ్చు, మచ్చలు వారాల తరబడి ఉండిపోవచ్చు. పిండడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తర్వాతే గ్లాసులు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాలి.