పెంపుడు పిల్లులలో మధుమేహం: ఆహార, ఇన్సులిన్ యాజమాన్యం

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప గ్రామాలలో ధాన్యం నిల్వ ఉన్న ఇంట ఎలుకల నివారణకు పిల్లిని పెంచడం పరిపాటి. వేటకు తిరిగే పిల్లికి మాంసాహారం దొరుకుతుంది. ఇంటి లోపలే ఉండే పిల్లి మాత్రం ఇంటివారు పెట్టే పాలు, పెరుగన్నంతో స్థూలకాయం పొందవచ్చు. స్థూలకాయం మధుమేహానికి ప్రధాన కారణాలలో ఒకటి. విస్తరణ శాస్త్రవేత్తలను రైతులు పంటతో పాటు ఇంటి జంతువుల గురించీ అడుగుతుంటారు. కాబట్టి ఈ వ్యాధి మౌలిక విషయాలు వారికి తెలిసి ఉండాలి.

వ్యాధి స్వభావం

పిల్లులలో వచ్చే మధుమేహం ఎక్కువగా మనుషులలోని రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. శరీర కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. క్రమంగా క్లోమంలోని బీటా కణాల సామర్థ్యం కూడా తగ్గుతుంది. ఏడేళ్లు దాటినవి, స్థూలకాయం గలవి, వృషణాలు తొలగించిన మగ పిల్లులు, దీర్ఘకాలం స్టీరాయిడ్లు వాడినవి ఎక్కువగా దీని బారిన పడతాయి.

పిల్లి ప్రకృతి రీత్యా మాంసాహారి. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజు ఉండదు. కాలేయంలో గ్లూకోజును వినియోగించే గ్లూకోకైనేజు చర్య అత్యల్పం. వేటాడి జీవించే పిల్లి తీసుకునే శక్తిలో పిండిపదార్థాల వాటా సుమారు 2 శాతమే. బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కాగా, పిండిపదార్థం 78 శాతం వరకు ఉంటుంది.

లక్షణాలు, నిర్ధారణ

అధికంగా నీరు తాగడం, అధిక మూత్రం, బాగా తింటున్నా బరువు తగ్గడం ముఖ్య లక్షణాలు. వ్యాధి ముదిరినపుడు నరాలు దెబ్బతిని, పిల్లి వెనుక కాళ్ల మడమలను నేలకు ఆనించి నడుస్తుంది. బెదిరిన పిల్లిలో రక్తంలోని గ్లూకోజు తాత్కాలికంగా పెరుగుతుంది. అందువల్ల ఒక్క రక్త పరీక్షతో నిర్ధారణకు రాకూడదు. మూత్ర పరీక్ష, గత ఒకటి రెండు వారాల స్థితిని తెలిపే ఫ్రక్టోసమిన్ పరీక్ష ఆధారంగా పశువైద్యులు నిర్ణయించాలి.

ఆహార యాజమాన్యం

పాలు, అన్నం క్రమంగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం ఇవ్వాలి. ఉడికించిన కోడిమాంసం, చేప, గుడ్డు ఇందుకు అనుకూలం. అయితే ఇవి మాత్రమే దీర్ఘకాలం పెడితే కాల్షియం, టారిన్ లోపించవచ్చు. సమతుల ఆహారాన్ని పశువైద్యుల సలహాతో రూపొందించుకోవాలి. ఇంటి కూరలోని ముక్కలు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. ఇన్సులిన్ వాడుతున్న పిల్లికి ఆహారం ఒక్కసారిగా మార్చితే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు సవరించకుండా ఆహారం మార్చరాదు.

ఇన్సులిన్: కొలతలో మెలకువ

ఇన్సులిన్‌ను సాధారణంగా 12 గంటల వ్యవధితో రోజుకు రెండుసార్లు చర్మం కింద ఇస్తారు. తొలి మోతాదు పిల్లికి తరచు ఒక యూనిట్ మాత్రమే. మిరప కోతల కాలంలో ఉదయం చేనుకు వెళ్లేముందు, సాయంత్రం తిరిగి వచ్చాక ఇచ్చే విధంగా సమయం నిర్ణయించుకోవచ్చు.

అసలు ప్రమాదం సిరంజిలో ఉంది. మన దేశంలో మనుషులు వాడే ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అనే రెండు గాఢతలలో లభిస్తాయి. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత సాధారణం. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో ఒక గీత తీస్తే పిల్లికి 2.5 యూనిట్లు చేరుతాయి; ఇది ప్రాణాంతకం కావచ్చు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావకానికి, 70 శాతం గుళికలకు మోతాదు వేరని మిరప రైతుకు తెలుసు. అదే ఉదాహరణతో దీనిని సులభంగా వివరించవచ్చు. ఇంట్లో పెద్దలకు వాడే ఇన్సులిన్‌ను, మాత్రలను పశువైద్యుల సూచన లేనిదే పిల్లికి ఇవ్వరాదు.

తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేయాలి, గడ్డకట్టనీయరాదు. 40 డిగ్రీలు దాటే వేసవిలో, విద్యుత్ అంతరాయం వేళ తడి ఇసుక మధ్య ఉంచిన మట్టికుండ కొంత చల్లదనాన్ని ఇస్తుంది. గాలిలో తేమ అధికంగా ఉన్న తీర మండలాలలో దీని ప్రభావం తక్కువ.

అత్యవసర స్థితి

నీరసం, తూలడం, వణుకు, మూర్ఛ గ్లూకోజు పడిపోయిందనడానికి సూచనలు. వెంటనే తేనె లేదా చక్కెర పాకాన్ని చిగుళ్లకు రాసి, పశువైద్యశాలకు తరలించాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ద్రవం పోయరాదు. పిల్లి ఆహారం ముట్టనపుడు ఇన్సులిన్ ఇచ్చేముందు పశువైద్యులను సంప్రదించాలి. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో వాస్తవం కన్నా తక్కువ విలువ చూపవచ్చు. ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలి.

ఉపశమనం

తొలిదశలో గుర్తించి, ఆహారం సరిచేసి, ఇన్సులిన్ క్రమం తప్పక ఇస్తే కొన్ని పిల్లులకు కొంతకాలం తరువాత ఇన్సులిన్ అవసరమే ఉండదు. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే నోటి మాత్రకు అనుమతి లభించింది. అయితే అది ఇన్సులిన్ వాడని, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే ఉద్దేశించినది.

చికిత్స పశువైద్యుల బాధ్యత. అనుమానిత పిల్లిని ఆలస్యం లేకుండా సమీప పశువైద్యశాలకు లేదా గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలకు పంపడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత. పంపేముందు సీసాపై ఉన్న గాఢత, సిరంజి మూత రంగు సరిపోలుతున్నాయా అని అడిగి చూడడం ఒక ప్రాణాన్ని కాపాడగలదు.