ఐలన్ మోర్ దీపస్తంభం

స్కాట్లండుకు పడమట, లూయిస్ ద్వీపానికి సుమారు 20 మైళ్ళ దూరాన, అట్లాంటిక్ మహాసముద్రంలో ఫ్లానన్ దీవులున్నాయి. వాటిలో పెద్దది ఐలన్ మోర్. పెద్దదన్న పేరేగాని, సుమారు 40 ఎకరాల నేల. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు. పైన పచ్చిక, సముద్రపక్షులు, ఒక పాత రాతి గుడి. అంతే.

అక్కడ డేవిడ్ ఆలన్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు 75 అడుగుల దీపస్తంభం కట్టించాడు. అది 1899 డిసెంబరు 7న మొదటిసారి వెలిగింది. ముగ్గురు కావలివారు దీవిలో ఉండేవారు. నాలుగోవాడు వంతు ప్రకారం ఒడ్డున సెలవులో ఉండేవాడు.

ఏడాది తిరిగింది. 1900 డిసెంబరు 15 రాత్రి ఆ దారిన పోయిన ఓడవారికి దీపం కనబడలేదు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నందున హెస్పరస్ అనే ఓడ 26వ తేదీకిగాని దీవి చేరలేకపోయింది. కూత వేసినా, తారాజువ్వ వదిలినా బదులు లేదు. వంతుకు వచ్చిన జోసెఫ్ మూర్ ఒంటరిగా పైకెక్కి చూశాడు. పొయ్యిలో నిప్పు లేదు. గడియారం ఆగిపోయింది. పడకలు ఖాళీ. డూకాట్, మార్షల్, మెకార్థర్ ముగ్గురూ లేరు.

ఈ వార్తకు కథలు అల్లుకున్నాయి. ముట్టని భోజనమనీ, పడిపోయిన కుర్చీ అనీ గిబ్సన్ అనే కవి 1912లో పద్యంలో చేర్చాడు. లోకం దానినే నిజమనుకున్నది.

విచారణకు వెళ్ళిన మ్యూర్‌హెడ్ చూసినది వేరు. వంటపాత్రలు కడిగి ఉన్నాయి. దీపం తుడిచి, నూనె నింపి సిద్ధంగా ఉన్నది. పలకమీద 15వ తేదీ ఉదయం 9 గంటలవరకు గాలి, వాతావరణం వివరాలు రాసి ఉన్నాయి. పడమటి రేవులో మాత్రం, సముద్రమట్టానికి 110 అడుగుల పైన దాచిన తాళ్ళపెట్టె పగిలి, తాళ్ళు చెల్లాచెదరయ్యాయి. ఇనుప కమ్ములు వంగిపోయాయి. మెకార్థర్ కోటు లోపలే ఉండిపోయింది. సామగ్రి భద్రపరచబోయిన ముగ్గురినీ పెద్ద కెరటం ఈడ్చుకుపోయిందని ఆయన తేల్చాడు.

మాకు ఆ పడిపోయిన కుర్చీకంటే ఈ తుడిచిన దీపమే మనసుకు హత్తుకున్నది. ఆ రాత్రికి చేయవలసిన పని పగలే ముగించి, మిగిలిన పనికి బయలుదేరినవారు వారు. వారి సంగతి తెలిసిన రోజునే మూర్, మరి ముగ్గురు అక్కడ ఉండిపోయారు, దీపం వెలిగించడానికి.

1971లో దీపం తనంత తానే వెలిగే ఏర్పాటు జరిగింది. ఇప్పుడు ఆ దీవిలో మనుషులెవరూ ఉండరు. దీపం మాత్రం నేటికీ వెలుగుతున్నది.