పేరుకున్న నెయ్యి మునుగుతుంది, ఐసు తేలుతుంది

ఒరేయ్ బుజ్జిగా, గ్లాసులో ఐసుముక్క తేలడం నీకు వింతగా అనిపించదు, రోజూ చూస్తావు కాబట్టి. నాకు ఈ వయసులోనూ వింతే. ఎందుకో చెబుతా, వంటింట్లోకి రా. పేరుకున్న నెయ్యి గిన్నెని నాన్నమ్మ చేత సన్నసెగ మీద పెట్టించు. సగం కరిగాక చూడు: కరిగిందంతా పైన, గడ్డ అడుగున. గరిటెతో పైకి లేపినా మళ్ళీ కిందికే పోతుంది. మన జంగారెడ్డిగూడెంలో ధనుర్మాసం చలికి పేరుకునే కొబ్బరినూనైనా, మైనమైనా, సీసమైనా అంతే. గట్టిపడితే అణువులు దగ్గరికి చేరి చిక్కబడతాయి. బిస్మత్ లాంటి ఏ కొద్ది పదార్థాలో తప్ప అన్నిటిదీ ఇదే దారి.

నీళ్ళూ మొదట ఆ దారినే పోతాయి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు సుమారు 996 గ్రాములు తూగితే, చల్లారేకొద్దీ చిక్కబడి 4 డిగ్రీల దగ్గర కిలోకి చేరతాయి. అక్కడ అడ్డం తిరుగుతాయి! ఇంకా చల్లబడితే వ్యాకోచిస్తాయి. సున్నా దగ్గర గడ్డకట్టాక లీటరు ఐసు 917 గ్రాములే. ఈ 4 డిగ్రీల మలుపుని ప్రయోగం చేసి 1805లో చూపించినవాడు ఎడిన్‌బరో ప్రొఫెసరు థామస్ చార్లెస్ హోప్. పెద్ద క్లాసుకి వెళ్ళాక ఆయన పేరుతో ఉన్న ప్రయోగం నువ్వూ చదువుతావు.

కారణం ఏమిటంటావా? కార్తీక మంగళవారం గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర జనం ఎంతమందైనా ఇరుక్కుని నిలబడతారు. ఆ జనమే కోలాటం కట్టారనుకో, కర్ర తగిలించడానికి ప్రతివాళ్ళకీ చోటు కావాలి. ఐసులో ప్రతి నీటి అణువూ సరిగ్గా నలుగురితో, కొలిచినట్టున్న దూరంలో, హైడ్రోజన్ బంధాలు వేసుకుంటుంది. ఆ అల్లికలో ఆరుకోణాల ఖాళీలు మిగిలిపోతాయి. 4 డిగ్రీల దిగువన నీళ్ళలోనే ఈ అల్లిక పైచేయి అవుతుంది.

మన చెరువులు ఏ చలికాలంలోనూ 4 డిగ్రీలకు దిగవు. అందుకని ఇక్కడ చల్లబడ్డ నీరు కిందికే దిగుతుంది. ఇది ఎంత పెద్ద సంగతో కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల రైతుల్ని అడుగు. రోజుల తరబడి ఎండ కాసి, హఠాత్తుగా ముసురు పట్టి చల్లటి వాన పడితే వాళ్ళకి కంటిమీద కునుకుండదు. అప్పటిదాకా పైన వెచ్చగా పరుచుకున్న నీరు చల్లబడి దిగుతుంది. అడుగున మిగిలిన మేత కుళ్ళి ప్రాణవాయువు హరించుకుపోయిన నీరు పైకొచ్చి కలుస్తుంది. మబ్బు పట్టడంతో నీటిలోని నాచు కూడా ప్రాణవాయువు సరిగా తయారుచెయ్యలేదు. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకే రాత్రిళ్ళు ఏరియేటర్లు తిప్పుతారు, కొత్తనీరు పెడతారు. 30 నుంచి 27 డిగ్రీలకు చల్లబడితే లీటరుకి పెరిగే బరువు గ్రాము కూడా లేదు, కానీ రైతు ఏడాది కష్టం దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మీ పెదనాన్న ఉండే మిన్నెసోటా సంగతి చూడు. అక్కడి సరస్సులో శరత్కాలమంతా ఇలాగే చల్లనీరు దిగుతూ, దిగుతూ, పైనుంచి కిందిదాకా 4 డిగ్రీలకు వస్తుంది. ఆ తర్వాత ఇంకా చల్లబడ్డ నీరు తేలికై పైనే ఉండిపోతుంది, పైనే గడ్డకడుతుంది. ఆ గడ్డే పైనున్న చలిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. అడుగున నీరు 4 డిగ్రీల దాపున ఉంటుంది, చేపలు బతికే ఉంటాయి. మనుషులు మంచు మీద నడిచి వెళ్ళి, దానికి బెజ్జం వేసి, అందులోంచి గాలం దించి చేపలు పడతారు! ఐసు కూడా నెయ్యిలాగా మునిగేదైతే, గడ్డకట్టిందంతా అడుగుకి చేరి, పైన కొత్తనీరు చలికి దొరికి, పొరమీద పొరగా సరస్సు అడుగునుంచి గట్టిపడుతూ వచ్చేది. వేసవి ఎండ ఆ అడుగుదాకా చేరడమే కష్టం.

ఈ రాత్రికి ఓ పని చెయ్యి. ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నీళ్ళు పోసి, మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి ఫ్రీజర్‌లో పెట్టు. లీటరు నీళ్ళు ఐసయితే సుమారు 90 మిల్లీలీటర్లు ఎక్కువ చోటు పడుతుంది, కాబట్టి పొద్దున్నకి ఐసు గీత దాటి ఉంటుంది. ఎంత దాటిందో స్కేలుతో కొలిచి నాకు చెప్పు. గాజు సీసా మాత్రం పెట్టకు, పగిలిపోతుంది.