మెదడుకు మైనారిటీ తీరేదెప్పుడు?

ముప్ఫై రెండేళ్లు వచ్చేదాకా మెదడు కౌమారంలోనే ఉంటుందన్న వార్త 2025 నవంబరులో ప్రపంచమంతా చుట్టొచ్చింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు పసికందుల నుంచి తొంభై ఏళ్ల వృద్ధుల దాకా దాదాపు 3,800 మంది ఎంఆర్‌ఐ స్కాన్లు పరిశీలించారు. మెదడు భాగాలను కలిపే నాడీ తంతువుల అల్లిక 9, 32, 66, 83 ఏళ్ల ప్రాంతంలో మలుపు తిరుగుతోందని లెక్కగట్టారు. తొమ్మిది నుంచి ముప్ఫై రెండు దాకా ఒక భాగం నుంచి మరో భాగానికి సమాచారం చేరే దారులు దగ్గరవుతూ వస్తాయి. ఆపైన ఆ జోరు తగ్గుతుంది. అంతేగానీ ముప్ఫై ఏళ్లవాళ్లు టీనేజర్లలా ప్రవర్తిస్తారని వాళ్లు అనలేదు. ఆ ముక్క మింగేసి శీర్షికలు పెట్టింది పత్రికలవాళ్లమే. అంతకుముందు మెదడు ఎదుగుదల ‘ఇరవై ఐదేళ్ల’కు పూర్తవుతుందన్న మాట కూడా ఇలాగే ప్రచారంలోకి వచ్చింది. దేన్ని కొలుస్తామన్న దాన్నిబట్టి వయసు మారుతుంది. నుదుటి వెనకున్న బూడిదరంగు పదార్థం పదకొండు, పన్నెండేళ్లకే గరిష్ఠానికి చేరి తగ్గడం మొదలవుతుందని 1999లో జే గీడ్ బృందం చూపింది. తంతువుల ఎదుగుదల ఇరవైలు దాటాక కూడా సాగుతుంది. వీటిలో ఏది పెద్దరికం? స్కాన్‌కు ఆ సంగతి తెలియదు. పెద్దరికం దేనికి కావాలో ముందు మనం చెప్పాలి.

ఇది తప్పించుకునే మాటలా వినిపించవచ్చు. అమెరికా సుప్రీంకోర్టులో సరిగ్గా ఆ నిందే వచ్చింది. పద్దెనిమిది నిండకముందు చేసిన నేరానికి మరణశిక్ష కూడదని 2005లో రోపర్ కేసులో తీర్పు వెలువడింది. కౌమారంలో పరిణతి తక్కువని అమెరికా మనస్తత్వవేత్తల సంఘం అందులో వాదించింది. గర్భస్రావంపై సొంతంగా నిర్ణయించుకోగల తెలివి ఆ వయసు ఆడపిల్లలకు ఉందని 1990 నాటి కేసులో చెప్పింది కూడా అదే సంఘం. నాలుక మడతేశారని జస్టిస్ స్కాలియా ఎత్తిపొడిచారు. లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం 2009లో దానికి జవాబిచ్చింది. పది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్యనున్న 935 మందిని పరీక్షిస్తే, నింపాదిగా ఆలోచించే శక్తి పదహారేళ్లకే పెద్దల స్థాయికి చేరింది. ఆవేశాన్ని అదుపు చేసుకోవడం, తోటివాళ్ల ఒత్తిడికి లొంగకపోవడం ఆ తర్వాత కూడా ఎదుగుతూనే ఉన్నాయి. డాక్టరుతో మాట్లాడి తీసుకునే నిర్ణయం వేరు, స్నేహితులు చుట్టూ ఉన్నప్పుడు క్షణంలో చేసే పని వేరు. సంఘం రెండుసార్లూ నిజమే చెప్పింది.

చట్టానికి గీత తప్పదు కదా అంటారు, నిజమే. మన దేశంలో ఓటుకు 18 (1988 నాటి 61వ రాజ్యాంగ సవరణకు ముందు 21), అబ్బాయి పెళ్లికి 21, శాసనసభకు 25, రాజ్యసభకు 30. అబ్బాయికీ అమ్మాయికీ పెళ్లి వయసులో మూడేళ్ల తేడాను ఏ మెదడూ సమర్థించదు గానీ, పనికొక వయసు పెట్టడంలో మాత్రం తప్పులేదు. అలాగైతే ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి తేల్చవచ్చు కదా అనేది ఇంకాస్త గట్టి ప్రశ్న. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం దాదాపు ఆ పనే చేయమంటోంది: పదహారు నిండి అతి ఘోర నేరాల ఆరోపణ ఎదుర్కొంటున్న మైనరుకు ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి ఉన్నాయా అని జువెనైల్ జస్టిస్ బోర్డు అంచనా వేయాలి. కానీ వేలమంది సగటు నుంచి గీసిన రేఖ ఎదురుగా నిలబడ్డ ఒక్క కుర్రాడి గురించి ఏమీ చెప్పదు. పైగా బోర్డు ముందు, నెలల తర్వాత, నిమ్మళంగా ఇచ్చే జవాబుల్లో బయటపడేది పదహారేళ్లకే పండే ఆ మొదటి శక్తి. నేరం జరిగిన రాత్రి కావలసింది రెండోది.