ముందు ఏది తగలాలి?

అమ్మడూ, ఆ సోల్డరింగ్ ఐరన్ కాస్త పక్కన పెట్టి ఇలా రా. నీ శ్రుతిపెట్టె బాగానే పలుకుతోంది, సా పా రెండూ నిలకడగా ఉన్నాయి. దానికి బిగించబోతున్న ఆ ఆర్‌సీఏ సాకెట్ చూస్తేనే నాకు మనసొప్పడం లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికిందంటావు. చవకే, కాదనను.

దాని పిన్ను కంటి దగ్గర పెట్టుకుని చూడు. మధ్యలో పుల్ల, చుట్టూ పూరేకుల్లాంటి రింగు. పుల్ల ఒకింత పొడుగు, కనక గుచ్చగానే ముందు తగిలేది అదే. పాట మోసే తీగ ముందు, గ్రౌండ్ తర్వాత. ఆ అరక్షణంలో, సెకనుకు 50 సార్లు ఊగే ఇంటి కరెంటు సొద అంతా యాంప్లిఫయర్లో దూరుతుంది. భజన మధ్యలో ఎవరో పిన్ను పీకితే స్పీకరు భుర్రుమనడం వినలేదూ? అదే ఇది. 1930ల్లో రేడియోకి గ్రామఫోనును కలపడానికి పుట్టిందిది. ఒకసారి గుచ్చితే మళ్లీ కదిపేవాళ్లు లేరు. నువ్వు రోజూ సంగీతం క్లాసుకు మోసుకెళ్లి పీకుతావాయె!

లావు జాక్ పెట్టుకో, 6.35 మిల్లీమీటర్లది. వెనకటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బోర్డుల మీద రోజంతా గుచ్చి పీకే చేతుల కోసం వచ్చింది, గిటార్‌కి ఇప్పటికీ అదే. దానికీ ఓ దుర్గుణం ఉంది. లోపలికి వెళ్తూ దాని కొన సాకెట్ మూతిలోని గ్రౌండును రాసుకుంటూ పోతుంది, అంటే క్షణంపాటు షార్టు. పాటకైతే ఫరవాలేదు, అవుట్‌పుట్ తీగలో వెయ్యి ఓముల రెసిస్టరొకటి పెట్టు. కరెంటు మాత్రం దాని గుండా పంపకు. కుర్రతనంలో హార్మోనియం మైకు పెట్టెకి 12 వోల్టులు ఆ జాక్‌లోనే ఇచ్చాను. రెండోసారి గుచ్చేసరికి అడాప్టర్ పొగలు కక్కింది. ఆ వాసన గురించి మీ నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

సన్నది, 3.5 మిల్లీమీటర్లది, ఇయర్‌ఫోనుకి చాలు. యూరోర్యాక్ సింథసైజర్ల వాళ్లూ అదే వాడతారు, వాళ్ల తీగలు మూరెడే కదా. ఏదైనా సరే, నట్టు పెట్టెగోడకే బిగించు. సర్క్యూట్ బోర్డు మీదే వదిలేస్తే తీగ లాగిన లాగుడంతా టంకం మీద పడి, అది విరుగుతుంది.

ఇక గుడి మైక్‌సెట్టు దాకా ఇరవై గజాలు లాగాలంటే మూడు పుల్లల ఎక్స్‌ఎల్‌ఆర్. ఒకటో నంబరు పుల్ల గ్రౌండ్, దాన్ని ముందు తగిలేలాగే చేస్తారు. మిగతా రెంటిలో ఒకే పాట, ఒకదానికొకటి తలకిందులుగా. దారిలో తగులుకున్న సొద మాత్రం రెంటికీ ఒకేలా అంటుతుంది. అవతలి చివర ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే, నెయ్యి తూచి గిన్నె బరువు తీసేసినట్టు, సొద పోతుంది, పాట మిగులుతుంది.

బంగారు పూత? తుప్పు పట్టదు, అంతే. దానితో నీ షడ్జమం తియ్యగా మారదు. సరే, ఆ డ్రిల్లు ఇటు తే. రంధ్రానికి గుర్తు పెట్టె అంచుకి మరీ దగ్గరగా పెట్టావు, నట్టు తిప్పడానికి వేళ్లు పట్టవు.